కాలు తీసిన మలుపు

గస్ హార్లాండ్ బల్ల మీదికెక్కి తగరపు బాకా నోటికి పెట్టుకున్నాడు. "ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళు కంచెకు దూరంగా జరగండి! వస్తున్నది వేగానికి రారాజు, ఈ గస్ హార్లాండ్!"

సంతకొచ్చిన అయోవా రైతులు వెనక్కి జరగలేదు సరికదా, ఇంకా ముందుకు తోసుకొచ్చారు. రెండు కారు పందేలు అప్పటికే అయిపోయాయి. మొదటిది అతని జోడీ లెమ్ పిట్స్ గెలిచాడు, రెండోది గస్. ఏ సంతలోనైనా అంతే. మూడోదాంట్లో లెమ్ చివరి మలుపు దాకా ముందుండి, అక్కడ పెడల్ మీంచి కాలు తీస్తాడు. గస్ దుమ్ములోంచి దూసుకొచ్చి గెలుస్తాడు. ఇద్దరి ఒప్పందం అది.

కానీ ఆ మధ్యాహ్నం ఆపిల్ ముక్కల తీపి రొట్టె తింటూ లెమ్ అన్నాడు: "ఒరే గస్, ఇది మా అత్తగారి ఊరు. బావమరదులంతా వచ్చారు. ఇవాళ నేను కాలు తీయను, చూస్కో."

"తీయకపోతే?"

"తెలుస్తుందిగా రారాజెవరో!" మూతి తుడుచుకుని నవ్వాడు లెమ్.

వేళాకోళమేనా? గస్ మళ్ళీ అడగలేకపోయాడు. అడిగితే భయం బయటపడుతుంది. ఊరూరా గోడల మీద తన బొమ్మే. ఆ బొమ్మలోని మనిషి ఎవరినైనా ఓడించగలడు. తను ఓడించగలడా? నిజంగా పోటీపడి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు.

మూడో పందెం మొదలైంది. ముందు లెమ్ వీపు, చుట్టూ దుమ్ము. ఓడిపోతే నవ్వుతారు. ఇంజన్ చెడిందంటే మాత్రం జాలిపడతారు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, చివరి మలుపులో గస్ కాలు దానంతటదే పైకి లేచింది.

దుమ్ము పలచబడింది. లెమ్ కారు దూరంగా లేదు, పక్కనే ఉంది. ఎప్పటిలాగే వాడూ కాలు తీశాడు.

ఆదివారం చర్చికి వెళ్ళే గుర్రబ్బళ్ళలా నింపాదిగా రెండు కార్లూ జనం ముందుకొచ్చాయి. బ్యాండు మేళం ఆగిపోయింది.

"పోవేంరా!" లెమ్ పళ్ళు కొరికాడు.

ఇప్పుడు తొక్కితే అందరికీ అర్థమైపోతుంది. తొక్కకపోయినా అంతే. గస్ కాలు గాలిలోనే ఉండిపోయింది.

కంచె మీదికి వంగి ఎవడో అరిచాడు: "ఏమయ్యా రారాజూ, మా గుర్రాన్ని కట్టమంటావా?"

జనం గొల్లుమన్నారు. లెమ్ తట్టుకోలేకపోయాడు. "తొక్కరా నాయనా! గెలవాల్సింది నువ్వేగా!"

ఆ కేక పై వరుస బెంచీల దాకా వినబడింది.

గస్ తొక్కాడు. గీత ముందుగా దాటాడు. ఒక్క టోపీ కూడా గాలిలోకి లేవలేదు. అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తాడు. దాన్ని ఎప్పుడు దించాలో అతనికి తోచలేదు.