మారుపేరు ఏమైనా ఉందా?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కొండమ్మ పిన్ని చర్చి గేటు దగ్గర నన్ను ఆపింది. నేను రేపల్లె వైపు ఒక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని. వాళ్ళూ మేమూ ఒకే సంఘం.

"మీ దావీదు బాబాయి ఇంటికి రాక మూడు రోజులైంది సుధీరూ. పొన్నూరు మిల్లులో పనుందని వెళ్ళాడు. ఫోన్ కూడా మోగట్లేదు."

జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి అక్కడే రాసుకున్నాను. దావీదు, యాభై ఎనిమిదేళ్ళు, చామనఛాయ, తెల్లచొక్కా, గళ్ళ లుంగీ. మర్నాడు కేసు కట్టాం. పొన్నూరు మిల్లులన్నీ అడిగాను. అసలు అక్కడికి రాలేదన్నారు. తెనాలి రైల్వే స్టేషన్‌లోనూ ఆసుపత్రిలోనూ ఫొటో చూపించాను. పిన్ని నా వెంటే తిరిగింది. టీ తాగమంటే, "ఆయన దొరకనీ, ఇద్దరం కలిసే తాగుతాంలే" అంది.

అదే వారం పెనుమూడి వంతెన అవతలి స్టేషన్ నుంచి ఒక కబురొచ్చింది. కృష్ణ ఒడ్డున గుర్తు తెలియని మగ శవం, సుమారు అరవై ఏళ్ళు, ఒంటి మీద నిక్కరూ మొలతాడూ తప్ప ఏమీ లేవు, కుడి చేతి మీద 'బ్రహ్మయ్య' అని పచ్చబొట్టు. ఫొటోలో ముఖం నీళ్ళకు ఉబ్బిపోయింది. అదీ నోట్‌బుక్‌లోనే రాసుకున్నాను. మా చుట్టుపక్కల తప్పిపోయిన బ్రహ్మయ్య ఎవరైనా ఉన్నాడా అని పక్కన నగరం మండలం దాకా వెళ్ళి విచారించాను. ఎవరూ లేరు. లేరనే జవాబు పంపాను.

ఆ తరువాత ప్రతి ఆదివారం పిన్ని లేచి నిలబడేది. "ఆయన క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చేయండయ్యా" అని పాస్టరు అయ్యగారిని అడిగేది. అందరితో పాటు నేనూ ఆమేన్ అనేవాణ్ణి.

ఆగస్టులో మాకు ట్యాబులు ఇచ్చారు. ఇక జేబు పుస్తకాల్లో రాయకూడదు, అన్నీ అందులోనే రాయాలి, తేలని పాత కేసులు కూడా ఎక్కించాలి అన్నారు. బాపట్లలో ఒకరోజు నేర్పించారు. నాకు సగమే బుర్రకెక్కింది. మిగతా సగం మా స్టేషన్‌లో కొత్తగా చేరిన కానిస్టేబుల్ లిఖిత నేర్పింది. నేను నోట్‌బుక్ చదువుతుంటే ఆ పిల్ల టకటకా కొట్టేది.

"బాబాయ్, మీ రాత మీకే అర్థమవట్లేదు. ట్యాబుకేం అర్థమవుద్దండీ?"

"నువ్వు ముందు కొట్టమ్మా."

రెండు రోజుల్లో పుస్తకమంతా అయిపోయింది. దావీదు కేసు దగ్గర మాత్రం ఆగింది.

"ఇక్కడ రెండు గళ్ళు ఎర్రగా ఉన్నాయండి. మారుపేరు ఏమైనా ఉందా, పచ్చబొట్లు ఏమైనా ఉన్నాయా అని అడుగుతోంది. మీరేం రాయలేదు. నింపకపోతే ముందుకు పోనివ్వదు."

"లేవని కొట్టెయ్."

"కనుక్కుని చెప్పండి బాబాయ్. ఆమె మీ చర్చావిడేగా, ఒక్క ఫోనే కదా."

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. పిన్ని ఎవరి చేలోనో కలుపు తీస్తోంది. "పచ్చబొట్టా? ఉందిగా. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొడిపించిందంట, బ్రహ్మయ్య అని. బాప్తిస్మంలో దావీదు అయ్యాడు. ఆ పేరు కనపడతదని సిగ్గుపడి చర్చికి ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కానే వేసేవాడు. ఎందుకు సుధీరూ, ఏమన్నా తెలిసిందా?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. లిఖిత అప్పటికే ఆ పేరు కొట్టింది. వెంటనే పక్కన కృష్ణ ఒడ్డు శవం గురించిన నోటు వచ్చి నిలిచింది. అదీ నేను రాసిందే. నా పుస్తకంలో ఆ రెంటికీ మధ్య ఆరు పేజీలు.

లిఖిత ట్యాబు బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ట్యాబు మంచిదే. అది ముందే వచ్చి ఉంటే పిన్ని ఆయన్ని చివరిసారి చూసుకునేది. కానీ అది అడిగిన ప్రశ్న నేను అడగలేనిదా? మా సంఘంలో పెద్దవాళ్ళకి సగం మందికి రెండు పేర్లు. మా అమ్మ హన్నా అయింది బాప్తిస్మంలోనే. అంతకు ముందు సుందరమ్మ. ఇంట్లో ఉన్న సంగతి స్టేషన్‌లో గుర్తు రాలేదు. ఆరు నెలలు ఆమేన్ అన్నాను. ప్రభువు ఆ మాటలను ఎలా విన్నాడో నాకు తెలియదు. నా జేబులో ఉన్న జవాబు వైపు ఒక్కసారైనా నన్ను తిప్పలేదేమని అడగాలనిపిస్తుంది. అడగటం తప్పేమోనని కూడా అనిపిస్తుంది.

సాయంత్రం యూనిఫాంలోనే వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే పిన్ని అరుగు మీద కూర్చుండిపోయింది. జరిగిందంతా దాచకుండా చెప్పాను. అంతా విని అంది. "నువ్వు అడిగుంటే చెప్పేదాన్నిగా, నాయనా."

తిట్టినా బాగుండేది.

మర్నాడు వంతెన దాటి వెళ్ళాం. అక్కడి స్టేషన్‌లో ఆయన మొలతాడుకున్న తాళంచెవి చూపించారు. వాళ్ళ ఇంటిదే. నదిలో స్నానానికి దిగి మునిగి ఉంటాడని వాళ్ళ అంచనా. ఆయన అటెందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. మూడు రోజులు ఉంచి, ఎవరూ రాకపోతే అక్కడి శ్మశానంలో పాతిపెట్టారట.

కాటికాపరి మమ్మల్ని గోడవారగా తీసుకెళ్ళాడు. గడ్డి మొలిచిన దిబ్బలు మూడు ఉన్నాయి.

"ఆ నెల్లో దిక్కులేనోళ్ళు ముగ్గురొచ్చారు తల్లీ. ఈ మూడిట్లో ఒకటి. ఏదో చెప్పలేను. గుర్తు పెట్టలేదు."

"దిక్కులేనోడు కాదయ్యా" అంది పిన్ని.

చెప్పులు విడిచి మొదటి దిబ్బ దగ్గర మోకరించింది. గుప్పెడు మట్టి తీసి దాని మీద వేసి, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంది. లేచి రెండో దాని మీదా వేసింది. మూడో దాని మీదా వేసింది. తరువాత నా వైపు తిరిగింది.

"నువ్వూ వెయ్యి సుధీరూ. మూడిటికీ వెయ్యి."

టోపీ తీసి వంగాను. రాత్రి పడిన వానకు మట్టి ఇంకా తడిగానే ఉంది.