మూడో పిలుపు

మా ఆయన లాసెల్స్‌కి ఇద్దరు పెళ్ళాలు. ఒకదాన్ని నేను, రెండోది కొండమీది సింకోనా తోట. ఈ మాట ఊళ్ళో ఎంతమంది దగ్గర అన్నానో! అన్నప్పుడల్లా ఆయన నవ్వి ఊరుకునేవాడు. చలిజ్వరం మందు కోసమని ఎప్పుడో తెల్లదొరలు వేసిన తోట అది. మందు చెట్లూ చాలావరకు పోయాయి, దొరలూ పోయారు. వాళ్ళు కట్టించిన చెక్క ఇల్లు, తలెత్తి చూస్తే మెడ పట్టేసే యూకలిప్టస్ చెట్లు, ఎప్పుడూ కదలని పొగమంచు మిగిలాయి. వాటికి మా ఆయన కాపలా.

పెద్ద గాలివాన వస్తోందని రేడియోలో చెప్పగానే పైన పనిచేసే వాళ్ళందరూ దిగి వచ్చేశారు. ఈయన రాలేదు. నారుమళ్ళ మీద రేకులు కప్పి వస్తానని కబురంపాడు. "నారు పోతే మళ్ళీ మొలుస్తుంది, ఈయన పోతే మొలుస్తాడా?" అని కబురు తెచ్చినవాడి మీద విరుచుకుపడ్డాను. వాడేం చేస్తాడు పాపం.

గాలివాన మా ఇంటి కప్పునీ, అరటి చెట్లనీ, కాపుకొచ్చిన కాఫీనీ ఊడ్చుకుపోయింది. కొండదారి విరిగి లోయలో పడింది. గాలి తగ్గినా వాన తగ్గలేదు, ఏరు ఎవర్నీ దాటనివ్వలేదు. నేను రోజూ గట్టుకి వెళ్ళి నీళ్ళని తిట్టి వచ్చేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. వాళ్ళలో పెద్దావిడ ఐరిస్ అయితే తొమ్మిదో రాత్రికి చేపలెవరు వేయించాలి, పాటలెవరు ఎత్తుకోవాలి అని అప్పుడే పనులు పంచేస్తోందట. పోయినవాళ్ళని మేం తొమ్మిదో రాత్రి పాటలు పాడి సాగనంపుతాం లెండి. నేను ఊరుకుంటానా? ఆవిడ గుమ్మం ముందు నిలబడి కడిగేశాను. "నా మొగుణ్ణి నేను చూసుకోకముందే నువ్వు సాగనంపుతావటమ్మా? నీ మొగుణ్ణి పంపించుకో, ఊరంతా సంతోషిస్తుంది!" అన్నాను.

అన్నాను గానీ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. బతికున్నాడో లేదో తెలియకపోవడం ఉందే, పోయాడని తెలియడం కన్నా అదే పెద్ద నరకం.

ఏరు నడుం లోతుకి దిగిందని తెలిసిన పొద్దున్నే నా మరిది ఆస్మండ్‌ని లేవదీశాను. ఆస్మండ్ మంచివాడు, ఒట్టి పిరికివాడు. వాడికి మాటలు రాకముందే తల్లి పోతే లాసెల్సే భుజాన మోసి పెంచాడు. గడ్డం నెరిసినా ఇప్పటికీ అన్నని అడక్కుండా మేకనైనా అమ్మడు. మచ్చుకత్తి పట్టుకుని వచ్చాడు గానీ దయ్యాలకి విరుగుడుగా జేబులో ఉప్పు పొట్లం, సంచీలో రమ్ము సీసా పెట్టుకునే వచ్చాడు.

దారి ఉన్నచోట దారి లేదు. ఎర్రమట్టి కొండ కొండగా జారిపోయింది, చెట్ల వేళ్ళు పట్టుకుని పాక్కుంటూ ఎక్కాం. పైకి పోయేకొద్దీ మంచు కమ్ముకొచ్చింది. ముందు నడుస్తున్న ఆస్మండ్ వీపు కూడా సరిగా కనపడటం లేదు. ఎక్కడా పిట్ట కూయదు. అన్ని చెట్లు పడిపోయాక పిట్టలు మాత్రం ఎక్కడుంటాయి? ప్రతి మలుపులోనూ వాడు సీసా మూత తీసి నేలమీద కాస్త రమ్ము చిలకరిస్తున్నాడు. తోట దున్నడానికి తెచ్చిన కూలీలు చలికి ఆ గట్ల మీదే పోయారనీ, మంచు పట్టినప్పుడు వాళ్ళే తిరుగుతుంటారనీ మా వాళ్ళ నమ్మకం.

"దయ్యాలకి పోసింది చాల్లే, మీ అన్నకి కూడా ఓ గుక్క ఉంచు. చలికి గడ్డకట్టుకుపోయి ఉంటాడు," అన్నాను.

"మెల్లిగా మాట్లాడు వదినా. వింటాయి."

"విననీ! వింటే ఏం చేస్తాయిరా? మీ అన్నతో కాపురం చేసినదాన్ని, దయ్యాలకి జడుస్తానా?"

కావాలనే గట్టిగా అరుస్తూ ఎక్కాను. భయం వేస్తే నా గొంతు పెరుగుతుంది. తోట గేటు ఇనప కమ్మి ఒకటే నిలబడి ఉంది. లోపలికి అడుగుపెట్టాం.

"ఎజ్లిన్!"

పైన మంచులోంచి వచ్చింది. నా పేరే. ఆయన గొంతే.

నా నోరు తెరుచుకునేలోపే ఆస్మండ్ చెయ్యి దాని మీద పడింది. మా కొండల్లో పిల్లలకి నడకతో పాటే నేర్పే సంగతి ఇది: కనపడని గొంతు పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. దయ్యం రెండుసార్లకి మించి పిలవలేదు. బతికున్న మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. ఆ లోపు పలికామా, మన ప్రాణం దాని గుప్పిట్లో పెట్టినట్టే. పిలిచేవాడికీ ఈ సంగతి తెలుసు. అందుకే మాలో ఎవరైనా మూడుసార్లు పిలుస్తారు.

"ఆగు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఆగు," అని చెవిలో గొణిగాడు. వాడి చెయ్యి రమ్ము వాసన కొడుతోంది.

"ఎజ్లిన్..."

ఈసారి పేరు చివర్న తెగిపోయింది.

ఆగాం. ఆకుల మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఎక్కడో తలుపు రెక్క ఒకటి కొట్టుకుంటోంది. ఆస్మండ్ కళ్ళు మూసుకుని మూడోదాని కోసం ప్రార్థన చేస్తున్నాడు, నాకు పెదాలు కనపడుతున్నాయి. నేనూ 'దేవుడా, ఇంకొక్కసారి' అనుకుంటున్నాను. ఎంతకీ రాలేదు. ఎంతసేపు నిలబడ్డామో ఆ దేవుడికే తెలియాలి.

చివరికి వాడి చెయ్యి విదిలించి పారేశాను. "వస్తున్నానయ్యా! ఎక్కడున్నావ్?" అని కొండ అదిరిపోయేలా కేకేశాను.

తోట పలకలేదు.

ఆస్మండ్ బురదలో కూలబడిపోయాడు. "పలికేశావా! ఎంత పని చేశావు వదినా! అన్న ఎలాగూ లేడు, ఇప్పుడు నిన్ను కూడా తీసుకుపోతుందే!" అని గుండెలు బాదుకున్నాడు. ఉప్పు తీసి బలవంతాన నా నోట్లో కుక్కాడు. నేను వాణ్ణి తోసేసి గొంతు వచ్చిన వైపు పరుగెత్తాను.

దొర ఇంటి వెనకాల పెద్ద యూకలిప్టస్ ఒకటి నారుమళ్ళ మీద అడ్డంగా పడి ఉంది. దాని కొమ్మ కింద నడుం దాకా ఇరుక్కుని లాసెల్స్ ఉన్నాడు. రేకు ముక్కొకటి మీదికి లాక్కున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మేం వచ్చిన దారి వైపు.

మోకాళ్ళ మీద పడి కోటు లోపల చెయ్యి పెట్టాను. గుండె చప్పుడు లేదు. ఊపిరి లేదు. కానీ వెచ్చగా ఉన్నాడు. అరచెయ్యి వెచ్చగా ఉంది, మెడ వెచ్చగా ఉంది. వానలో తడుస్తూ అన్ని రోజులు ఎలా బతికాడో బతికాడు, నా అరుపులు విన్నాడు, పిలిచాడు. మూడోదానికి ఊపిరి చాలలేదు.

వెనకాల ఆస్మండ్ అడుగులు వినిపించాయి. ఒక్క క్షణంలో నాకు వాడి బతుకంతా కళ్ళముందు కనపడింది. అన్న ఇందాకటిదాకా బతికే ఉన్నాడని తెలిస్తే, ఆ చెయ్యి నా నోటి మీద పెట్టినందుకు ఈ పిరికి వెధవ తిండి తినడు, నిద్రపోడు, ఏదో ఒకరోజు ఏట్లో తేలతాడు. లాసెల్స్ భుజాన మోసింది అందుకా?

"అక్కడే ఉండు! దగ్గరికి రాకు, చూడలేవు," అని అరిచాను.

"పోయాడా వదినా?"

"పోయాడు. వెళ్ళి దొర ఇంటి తలుపు ఊడదీసుకురా, మోయాలిగా. మోకులు కూడా వెతుకు. ఏవీ లేకుండా వచ్చావంటే తంతాను."

వాడు ఏడుస్తూ వెళ్ళాడు. నేను ఆయన కోటు బొత్తాలు విప్పి గుండె మీద గాలి తగలనిచ్చాను. మీద ఉన్న రేకు తీసేశాను. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దాలని నా ప్రాణం కొట్టుకుంది. వాటిని తీసి వాన నీళ్ళలో పెట్టాను. "క్షమించు తండ్రీ, నీ తమ్ముడి కోసమే," అంటూ పక్కనే కూర్చుని ఆయన చల్లబడటం చూశాను. అప్పుడప్పుడూ మెడ ముట్టుకుని చూసేదాన్ని, ఇంకా వెచ్చగా ఉంటే చెయ్యి తీసేసేదాన్ని. అటునుంచి వాడు మేకులు పెకలిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఇంకాసేపు ఆగకూడదని మొక్కుకున్నాను.

వాడొచ్చేసరికి కళ్ళు మూశాను, బొత్తాలు పెట్టాను. వాడు తలుపు కింద పడేసి, భయపడుతూ భయపడుతూ అన్న చెంప మీద చెయ్యి పెట్టాడు.

"మంచుగడ్డలా ఉన్నాడు వదినా."

"గాలివాన రాత్రే పోయుంటాడు నాయనా."

"అయితే ఇందాక పిలిచింది..."

"ఇంకేముంది, దయ్యమే. నువ్వు ఆపబట్టే రెండు పిలుపులైనా ఆగాను."

వాడు నా ఒళ్ళో తల పెట్టుకుని పసిపిల్లాడిలా బావురుమన్నాడు. ఆయన వెచ్చదనం ఇంకా నా అరచేతిని వదల్లేదు. ఆ చేత్తోనే వాడి వీపు నిమిరాను.