పెంకుల మీదికి పోని పన్ను

స్నిగ్ధ కుడివైపు నమలదని మొదట గమనించింది నా భార్య ఉమారాణి. ఆ పాప ఆమె తరగతిలో ఉండేది. బడి భోజనంలో గుడ్డు పెట్టిన రోజు అన్నమంతా ఎడమ దవడకే తోస్తుందని నాతో చెప్పింది. వానాకాలంలో ఉమారాణి పోయింది. కేతేపల్లి దగ్గరి మా బడిలో ఆ రెండో తరగతి నాకు వచ్చింది.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం పాప నీళ్లు తాగి కళ్లు గట్టిగా మూసుకుంది. నోరు తెరవమన్నాను. కింది దవడలో కుడివైపు, అన్నిటికన్నా వెనక ఉన్న పన్ను మధ్యలో నల్లటి గుంత ఉంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి సైదులు, తల్లి గొర్రెల మందతో కృష్ణ ఒడ్డుకు మేతకు పోయారు. పాపను నాయనమ్మ గోవిందమ్మ చూసుకుంటోంది. ఆమె ఏమీ కంగారుపడలేదు.

"పాల పన్నే గద సారూ. శనివారం అంగడికి పోయినప్పుడు పీకిస్త. ఎనక కొత్తది వస్తది."

నేనూ అలాగే అనుకున్నాను. పాఠంలో చెప్పేది కూడా అదే: పాల పళ్లు ఊడతాయి, గట్టి పళ్లు వస్తాయి. లేచి వచ్చేవాడినే, గోవిందమ్మ ఊడిన పళ్ల ముచ్చట ఎత్తింది. మనవరాలి పన్ను ఊడినప్పుడల్లా దాన్ని పేడలో చుట్టి ఇంటి మీద వేస్తుందట. ఇంటికి స్లాబు పడ్డాక గొర్రెల కొట్టం పెంకుల మీద వేస్తోంది. స్లాబు మీద పన్ను నిలవదట, కొత్తది వంకర వస్తుందట. ఏ పన్ను ఏ పండుగకు ఊడిందో ఆమెకు గుర్తుంది. అన్నీ ముందరివే.

మరి వెనకది ఎప్పుడు వచ్చిందని అడిగాను. పోయిన ఏడు వచ్చిందనీ, అప్పుడు చిగురు వాచి పాప అన్నం సరిగా తినలేదనీ చెప్పింది.

పాల పళ్లన్నీ మూడేళ్లలోపే వస్తాయి. ఆరేళ్లకు వచ్చిన పాల పన్ను ఏమిటి? అలాగని ఆ చోట ఏదీ ఊడనూ లేదు. ఏదీ ఊడకుండా వచ్చింది గనుక అదే మొదటిది, మొదటిది గనుక పాలదే అని గోవిందమ్మ వాదం. అందులో తప్పు చూపించలేకపోయాను. ఒప్పుకోనూ లేకపోయాను.

మరునాడు తరగతిలో అందరినీ నోళ్లు తెరవమన్నాను. రిత్విక్ నాలుక కూడా చాపి, సారుకు ఏమైందని పక్కవాడిని అడిగాడు. దాదాపు అందరికీ ఆ పన్ను ఉంది. ఐదో తరగతికి వెళ్లి అడిగాను. అది ఊడినవాళ్లు ఒక్కరూ లేరు.

నల్లగొండలో పిల్లల పళ్ల వైద్యమే వేరుగా చదివిన డాక్టరమ్మ ఉందని మా బడిలో హరిత టీచర్ చెప్పింది. పీకించే ముందు ఒకసారి ఆమెకు చూపిద్దామన్నాను. గోవిందమ్మ నవ్వింది.

"ఊడిపోయే పండ్లకు గూడ పెద్ద సదువున్నదా సారూ? గొర్రెపిల్లల పండ్లకు గూడ ఉన్నదేమో జర అడుగు, మా సైదులును పంపుత."

అయినా శనివారం పొద్దున్నే బస్సెక్కింది.

డాక్టర్ త్రివేణి ముందు స్నిగ్ధ పెదాలు బిగించుకుని కూర్చుంది. నోరు తెరవమని ఆమె అడగనే లేదు. చిన్న అద్దం పాప చేతికిచ్చింది. గొట్టంతో పాప అరచేతి మీద నీళ్లు చిమ్మింది. గిర్రున తిరిగే చిన్న బ్రష్షును పాప గోరు మీద ఆనించి, తర్వాత గోవిందమ్మ గోరు మీద కూడా ఆనించింది. గోవిందమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అవ్వకు భయమైతాంది," అని స్నిగ్ధ నవ్వింది. నోరు తెరుచుకుంది.

ఎక్స్‌రే తీశాక డాక్టరు గోవిందమ్మను దగ్గరికి పిలిచింది.

"ఇది పాల పన్ను కాదమ్మా. పాల పండ్లన్నిటి ఎనక, ఖాళీ జాగాల ఆరేండ్లకు వస్తది. దేన్నీ ఊడగొట్టకుంట వస్తది గనుక ఎవ్వరికీ తెలువది. తీసేస్తే ఇంకోటి రాదు."

గోవిందమ్మ వంగి ఆ ఎక్స్‌రే ఫొటో చూసింది.

"మేం గొర్లకు ముందరి పండ్లే చూస్తం బిడ్డా," అంది. "రెండు పండ్లదా, నాలుగు పండ్లదా అని వయసు చెప్తం. ఎనక ఏమున్నదో ఎన్నడు చూడలే."

ఈ పన్ను వేరు కొన ఇంకా మూసుకోలేదని డాక్టరు నాకు చూపించింది. చిగురులోంచి బయటికి వచ్చినా లోపల ఇంకా కొన్నేళ్లు తయారవుతూనే ఉంటుందట. నరం బతికి ఉంటే నిలబెట్టవచ్చు. లేకపోతే కష్టం. తెరిచి చూస్తేగాని చెప్పలేనంది.

చిగురుకు మత్తుమందిచ్చి పుచ్చిందంతా తొలిచింది. స్నిగ్ధ నా చూపుడువేలు పట్టుకుంది. డాక్టరు దూదిని గుంతలో అదిమి కాసేపు ఆగి తీసింది. దాని మీద ఎర్రటి చుక్క. డాక్టరు ముఖం తేటపడింది. రక్తం చూసి సంతోషించే డాక్టరును నేను అప్పటిదాకా చూడలేదు. ఎందుకని అడిగాను.

"ఎర్రగా ఉంది, వెంటనే ఆగింది కూడా. లోపల ప్రాణం ఉంది సార్. దాన్ని కాపాడితే వేరు తనే పెరుగుతుంది. పెద్దవాళ్ల పన్నయితే పని వేరు."

ప్రాణం ఉందన్న మాట డాక్టరు నోట వినాలని వానాకాలంలో నేను ఒక ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. దూది తీసి పళ్లెంలో వేస్తుంటే, నరం ఎంతవరకు బాగుందో ఎలా తెలుస్తుందని ఇంకో ప్రశ్న అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది.

మందు పెట్టి పన్ను మూసింది. కొన్నాళ్లకు మళ్లీ ఫొటో తీసి, వేరు పెరుగుతోందో లేదో చూడాలంది.

తిరుగు బస్సులో స్నిగ్ధ, సగం మొద్దుబారిన మూతితో, పెంకుల మీద ఏం వేస్తామని అడిగింది.

"ఏం లేదు. నీ నోట్లనే ఉండనీ," అంది గోవిందమ్మ.

తర్వాత గుడ్డు పెట్టిన రోజు నేను పాప ఎదురుగా నిలబడ్డాను. ఆమె గుడ్డు ముక్కను మొదట ఎడమకు తోసింది. ఆగింది. నాలుకతో కుడివైపు తెచ్చుకుని మెల్లగా నమిలింది.

ఉమారాణికి చెప్పాలని గబగబా ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్లాను. లోపల అన్నం తింటున్న హరిత టీచర్ తలెత్తి చూసింది. స్నిగ్ధ కుడివైపు నములుతోందని ఆమెకు చెప్పాను.