కార్డు లేని ఆటగాడు

లాజరస్‌ది తెనాలి. 1990 నాటికి సిడ్నీలో, బ్లాక్‌టౌన్‌లో కాపురం. మనవాళ్ళంతా క్రికెట్ గురించి మాట్లాడుకుంటుంటే ఆయన మాత్రం ఆటగాళ్ళ ఫొటోలతో, వెనక వాళ్ళ వివరాలతో అచ్చయ్యే బేస్‌బాల్ కార్డులు పోగుచేసేవాడు. అవీ అందరివీ కావు. పెళ్ళికి ముందు, చర్చి వాళ్ళ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో అయోవా రాష్ట్రంలోని సెడార్‌ఫోర్డ్ కాలేజీలో కొన్నాళ్ళు చదివాడు. కార్డు వెనక సన్నటి అక్షరాల్లో ఆ కాలేజీ పేరుంటేనే కొనేవాడు.

పారామట్టా స్టేషన్ దగ్గర స్టాంపులు, నాణేలు అమ్మే కొట్టాయన, అమెరికా నుంచి కార్డుల పెట్టె వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. లాజరస్ వెళ్ళి పెట్టె మొత్తం తిరగేసి, చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. చిన్న కాలేజీ. పెద్ద ఆటగాళ్ళెవరూ అక్కడినుంచి రాలేదు.

"కొద్ది నెలలు చదివినదానికి ఇంత ప్రేమేందండీ!" అని భార్య మరియరాణి నవ్వేది.

"ఆ ఊరు నాకు అన్నం పెట్టింది రాణీ" అనేవాడు. ఇంకేమైనా అడిగితే కార్డుల ఆల్బం తీసి సర్దుకునేవాడు.

మరియరాణి హాస్పిటల్లో నర్సు. ఆ ఎండాకాలం ఒక అమెరికన్ కుర్రాడు మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాడు. పేరు డేల్. ఇక్కడ కొత్తగా మొదలైన బేస్‌బాల్ పోటీల్లో ఆడటానికి వచ్చాడట. కట్టు కడుతూ, మాటల్లో పెడదామని ఏ కాలేజీ అని అడిగింది.

"మీరు విని ఉండరు. సెడార్‌ఫోర్డ్."

మరియరాణి చేతిలో బ్యాండేజీ ఆగిపోయింది. "నీ ఇంటిపేరేంటి?" అని అడిగి, విని, "బాబూ, నీ కార్డు మా ఇంట్లో ఉంది!" అంది. నొప్పి మందు తనకి ఎక్కువైందేమోననుకున్నాడు డేల్.

ఆదివారం చర్చి అయ్యాక అతన్ని భోజనానికి పిలిచారు. గుమ్మంలో చూడగానే కూతురు షారన్ "డాడ్, ఇట్స్ రియల్లీ హిమ్!" అని అరిచింది. లాజరస్ ఆల్బం తెచ్చి ముందు పెట్టాడు.

డేల్ తన కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇది మా అమ్మ దగ్గర తప్ప ఎక్కడా ఉండదనుకున్నాను" అన్నాడు. "మా కాలేజీ వాళ్ళ కార్డులే ఎందుకు పోగుచేస్తున్నారు మీరు?"

అప్పుడు చెప్పాడు లాజరస్. జనవరిలో, టెరిలిన్ చొక్కాతో, గుడ్డ బూట్లతో అక్కడ బస్సు దిగాడు. మోకాళ్ళదాకా మంచు. సెలవులకి హాస్టల్ మూసేశారు. ఏం చెయ్యాలో తెలియక మెట్ల మీద వణుకుతూ కూర్చుంటే, బేస్‌బాల్ టీంలో ఆడే ఒకతను తన కోటు విప్పి కప్పి, వాళ్ళ పొలంలోని ఇంటికి తీసుకెళ్ళాడు. కాలేజీ తెరిచేదాకా కొడుకులా చూసుకున్నారు.

"ఆట అర్థం కాకపోయినా ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళి చప్పట్లు కొట్టేవాణ్ణి. మా నాన్న చనిపోతే మధ్యలోనే ఇంటికొచ్చేశాను. అతనికి సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. పెద్ద ఆటల్లోకి పోలేదేమో, అతని కార్డు మాత్రం ఎక్కడా దొరకలేదు. వేన్ బర్కెట్ అని..."

డేల్ స్పూను కింద పెట్టేశాడు. "వేన్ బర్కెట్ మా స్కూల్లో కోచ్! నన్నా కాలేజీకి పంపింది ఆయనే. అక్కడ ఇంకా శనివారం రాత్రే. ఫోన్ చేద్దామా?"

నంబరు డేలే తిప్పాడు. లాజరస్ రిసీవర్ అందుకుని, ఇన్నేళ్ళుగా మనసులో కూర్చుకున్నదంతా తడబడుతూ చెప్పాడు. అంతా విని వేన్ అన్నాడు:

"ఏమనుకోకండి, నాకు గుర్తు లేదు. ప్రతి చలికాలం ఎవరో ఒకర్ని తీసుకెళ్ళేవాణ్ణి. చాలామంది వచ్చారు."

లాజరస్ మనసు చివుక్కుమంటుందేమోనని, పక్కనే రిసీవర్‌కి చెవి ఆనించి వింటున్న మరియరాణి భయపడింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "చాలామందా!" అన్నాడు. "మీకు గుర్తుండక్కర్లేదు సార్. నాకుంది."

"ఆగండి, అమ్మ ఇక్కడే ఉంది, అడుగుతాను" అన్నాడు వేన్.

ముసలి గొంతొకటి వినబడింది. "సూపులో నా మిరియాల డబ్బా మొత్తం ఒంపేసిన అబ్బాయివా?"

లాజరస్ నవ్వాడు. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. "అవునమ్మా, నేనే" అని రిసీవర్ భార్యకిచ్చాడు.

మరియరాణి థాంక్స్ చెప్పబోయేలోపే ఆవిడ అడిగింది: "ఇప్పుడు కడుపునిండా తింటున్నాడా?"

మరియరాణి భర్తకేసి చూసింది. "తింటున్నారమ్మా" అంది.