ట్యాంకు పక్కనా, ఇంజను పక్కనా

అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్ష రాసిన రోజుకంటే జవాబుల కీ వచ్చిన రోజే పెద్ద పండుగ, పెద్ద చావు కూడా. ఏ హాస్టల్ మెట్ల మీద చూసినా ఫోన్లలో తలలు దూర్చిన మనుషులే. ఒకడు గంతులేస్తుంటాడు, ఇంకొకడు గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తుంటాడు. ఏళ్ల తరబడి ఈ సంబరం చూసి చూసి నాకు రెండింటి మీదా నమ్మకం పోయింది. కీ మారుతుంది, కేసు పడుతుంది, నోటిఫికేషన్ రద్దవుతుంది. మేం మళ్లీ అదే మెస్సులో అదే నీళ్ల సాంబారు తాగుతాం.

నా రూమ్మేట్ రేణుక రాసింది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరీక్ష. మొదటి కీ వచ్చిన పొద్దున తను మార్కులు కూడుకుంటుంటే పక్కనే కూర్చున్నాను. పోయినసారి కటాఫ్‌ని బట్టి చూస్తే ఉద్యోగం వచ్చేటట్టే ఉంది, కానీ సరిగ్గా అంచు మీద ఉంది. ఒక్క మార్కు జారితే గోవిందా. నేను సంతోషంతో అరవబోయాను. రేణుక మాత్రం ఒక ప్రశ్న మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

మోటారు బోటులో ఎలక్ట్రిక్ పెట్రోలు పంపును ఎక్కడ బిగించాలన్నది ఆ ప్రశ్న. రోడ్డు మీద బళ్లు ఆపే ఉద్యోగానికి నీళ్ల మీది బోటు గొడవ ఎందుకో ఆ పేపరు తయారుచేసిన మహానుభావుడికే తెలియాలి. ట్యాంకు పక్కన అని రేణుక పెట్టింది. కీ కూడా అదే అంటోంది.

"మార్కు పడ్డది గదనే, ఇంకేంది పరేషాన్?" అన్నాను.

"తప్పక్కా. ఇంజను పక్కన పెట్టాలె."

"మరి ట్యాంకు పక్కన అని ఎందుకు పెట్టినవ్?"

"కీ గట్లనే ఇస్తరని తెల్సు."

బయటివాళ్లకు ఇది పిచ్చి మాటలా ఉంటుంది. మాకు కాదు. ఇక్కడ మొదట ఒంటపట్టే విద్యే అది. నీకు తెలిసింది రాయకూడదు, పేపరు పెట్టినాయనకు ఏం తెలుసో ఊహించి రాయాలి. ఆయన చదివింది కార్ల పుస్తకం. పంపు నెట్టమంటే బాగా నెడుతుంది, లాగమంటే మొరాయిస్తుంది, కాబట్టి ట్యాంకు పక్కన పెట్టండి అని అందులో ఉంటుంది. రేణుక అంతవరకూ లెక్క కట్టుకునే గడి నింపింది. మేం అందరం చేసే పనే చేసింది.

సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి, బయట బండి దగ్గర టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్న పోచయ్య కృష్ణా నది ఒడ్డున మోటారు బోటు మీద మనుషులను దాటించేవాడు. పాత పంపు చెడిపోతే, టౌనులో కార్లు బాగుచేసే మెకానిక్‌ను పిలిపించి ఎలక్ట్రిక్ పంపు వేయించాడు. మెకానిక్ మంచివాడే. కారుకు పెట్టినట్టే ట్యాంకు పక్కన పెట్టి పోయాడు. బోటు అంతకుముందు ఎన్నడూ అంత బాగా నడవలేదట.

"కారుల పైపు చీలితే పెట్రోలు రోడ్డు మీద పడిపోతది," అంది రేణుక. "బోటుల యాడికి పోతదక్కా? అడుగునే నిలుస్తది. దాని ఆవిరి గూడ పైకి లేవది, కిందనే ఉంటది. పంపు ఇంజను కాడ ఉంటే ట్యాంకు నుంచి గుంజుకుంటది. పైపు చీలినా లోపలికి గాలి పోతది, ఇంజను ఆగుతది, గంతే. ట్యాంకు కాడ ఉంటే పైపు పొడుగూతా నూకుతది. చీలిన కాడల్లా పెట్రోలు చిమ్ముతది."

"మీ నాయినకు తెల్వదా?"

"పైపు చీలిందని ఎవ్వలకు తెల్వదు. అందరు దిగిపోయిన్రు. నాయిన ఒక్కడే ఉన్నడు. మల్ల స్టార్ట్ చేసిండు, భగ్గుమన్నది."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. విచారణకు వచ్చినవాళ్లు పోచయ్య బీడీ ముట్టించాడని రాసుకుని వెళ్లారట. ఆయనకు బీడీ అలవాటు ఉంది కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆమె తల్లి ఎల్లవ్వను బీడీతో బోటు కాల్చినోడి పెండ్లాం అంటారు. రేణుక ఆటోమొబైల్ డిప్లొమాలో చేరింది ఆ మంట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికే. తెలుసుకుంది కూడా. తెలిసీ, పరీక్ష హాల్లో ట్యాంకు పక్కన అని గడి నింపింది.

"ట్యాంకు పక్కన పెట్టుడే కరెక్టయితే నాయిన బీడీదే తప్పక్కా. నేనే సంతకం పెట్టినట్టయింది," అంది.

కీ మీద అభ్యంతరం పెడతానంటే నేను మండిపడ్డాను. "నోటికాడి కూడు నువ్వే తన్నుకుంటవా? పోయినాయన మల్ల వస్తడా? కొలువు పోతే మీ అమ్మకు ఏం జెప్తవ్?" అని నోటికి వచ్చినట్టు తిట్టాను. అభ్యంతరం నెగ్గితే తన మార్కు పోతుంది, ఉద్యోగం పోతుంది. నెగ్గకపోతే తండ్రి మీది మచ్చ అలాగే ఉంటుంది. ఇందులో తనకు మిగిలేది ఏమీ లేదని చెప్పాను. విన్నది, తల ఊపింది, మర్నాడు నారాయణగూడలో నెట్ సెంటర్‌కు వెళ్లింది. నేనూ తిట్టుకుంటూనే వెంట వెళ్లాను.

విదేశాల బోటు నియమాల కాగితాలు, కాలిన బోటు ఫోటో జతచేసింది. నెట్ సెంటర్ అబ్బాయి స్క్రీన్ చూసి జాలిపడ్డాడు. "మేడం, మీరు పెట్టిన ఆన్సర్ కరెక్టే ఉన్నది. తప్పు ప్రశ్న నొక్కుతున్నరు," అన్నాడు. మార్కు పోగొట్టుకోవడానికి అభ్యంతరం పెట్టినవాళ్లను అతను అంతకుముందు చూసి ఉండడు.

నాన్న బోటు గురించి సర్కారుకు రాశానని ఆ రోజే తల్లికి ఫోన్ చేసి చెప్పింది. అప్పటినుంచి ఎల్లవ్వ ఎప్పుడు ఫోన్ చేసినా తిన్నావా అని అడిగేది కాదు. "జవాబొచ్చిందా బిడ్డా?" అనేది.

తుది కీ వచ్చింది. ఏవేవో ప్రశ్నలు మారాయి. బోటు ప్రశ్న మారలేదు. ఎందుకు మార్చలేదో ఒక్క ముక్క కూడా రాయలేదు. అబద్ధం ఎందుకు, నాకు ఊపిరి వచ్చినట్టయింది. రేణుక దుప్పటి ముసుగు తన్ని రోజంతా ఏడ్చింది. ఆ తర్వాత ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. తన పేరు అడుగున ఉంది. ఆ ఒక్క మార్కే లేకపోతే ఉండేది కాదు.

తల్లికి నా ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"అమ్మా, కొలువొచ్చింది."

"మంచిగయింది బిడ్డా, మస్తు మంచిగయింది. మరి నాయిన ముచ్చట ఏమన్నరు?"

రేణుక నా వైపు చూసింది.

"నాయిన తప్పు లేదన్నరమ్మా," అంది.

అవతల ఎల్లవ్వ గొల్లుమంది. ఏడుస్తూనే వాకిట్లోకి వెళ్లినట్టుంది, పక్కింటామెను కేకేస్తోంది. "ఓ బుగ్గమ్మా, ఇన్నవా? మా ఆయనది తప్పు లేదంట! సర్కారే అన్నదంట!" కోళ్లు, కుక్కలు, ఎవరివో మాటలు వినపడ్డాయి. కాసేపటికి మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"బిడ్డా, గా కాయిదం పట్కరా. పంచాయతి ఆఫీసు కాడ అందరి ముంగట చదివిపిస్త. మర్వకు."

"పట్కొస్తనమ్మా."

ఫోన్ పక్కన పెట్టి రేణుక మంచం మీద కూర్చుంది. కిందనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచి పార్టీ ఎప్పుడని అడిగారు.

"అక్కా, గసొంటి కాయిదం యాడ రాసిస్తరు?" అని అడిగింది.