కిటికీ ముందు ఏ చెట్టు?

చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు బేరమాడి, బరువైన సంచీ మోసుకుంటూ అపార్ట్‌మెంట్ గేటు దాకా వచ్చిన ప్రభావతి అక్కడే నిలబడిపోయింది. బాదం చెట్టు లేదు. పొద్దున తను వెళ్లేటప్పుడు ఉంది. రాత్రంతా కురిసిన వానకు కాస్త ఒరిగినట్టు కనిపిస్తే, పాత చెట్టు కదా, ఎప్పుడూ అలాగే ఉంటుందిలే అనుకుంది. తను తిరిగొచ్చేలోగా అది వేళ్లతో సహా లేచి ప్రహరీ గోడ మీద బోర్లా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదని మిగతావాళ్లంతా హమ్మయ్య అనుకుంటున్నారు. ప్రభావతి మాత్రం సంచీలోంచి వంకాయలు జారి దొర్లిపోతున్నా పట్టించుకోకుండా ఇంట్లోకి పరుగెత్తింది.

"చెట్టు వోయిందండీ! మన చెట్టు వోయింది!"

కిటికీ పక్కన మంచం మీదున్న జగన్మోహన్ భార్య వంక చూశాడు. సుల్తాన్ బజార్‌లో జాకెట్ గుడ్డల దుకాణం నడిపిన రోజుల్లో ఆయన నోటికి తాళం పడేది కాదు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఈమధ్యే ఒకటీ అరా మాటలు తిరిగొచ్చాయి గానీ, అవి కూడదీసుకుని బయటికి తెచ్చేలోపు వినేవాళ్ల ఓపిక అయిపోయేది. అందుకని ఆయన మాటలు కూడా ప్రభావతే మాట్లాడటం అలవాటైంది. ఆయనకు ఆకలేస్తోందనీ, ఫ్యాను గాలి ఎక్కువైందనీ, ఫలానా సీరియల్ నచ్చలేదనీ ఆమే చెప్పేది. చుట్టుపక్కల వాళ్లు ఆయన క్షేమం ఆయన ఎదుటే ఆమెను అడిగేవారు.

చెట్టు పోతే ఇంత గాభరా ఎందుకంటే, వాళ్లది కింది ఫ్లాటు. మూడు వైపులా పక్క బిల్డింగుల గోడలు. వెలుతురు రావడానికి ఆ కిటికీ ఒక్కటే దిక్కు. బాదం చెట్టు ఎండాకాలమంతా దానికి గొడుగు పట్టేది. చలి మొదలయ్యాక ఆకులన్నీ ఎర్రబడి రాలిపోయేవి, అప్పుడు ఉత్త కొమ్మల మధ్య నుంచి పొద్దుటెండ నేరుగా మంచం మీదికి వచ్చేది. పొద్దుటెండ మంచిదని డాక్టరు ఒకసారి అన్నాడు. ఇక చూడండి, మూడు చలికాలాలు ప్రభావతి ఆ ఎండను మందు కన్నా భద్రంగా వాడింది. రోజూ ఎనిమిది కాగానే మంచాన్ని కిటికీకి ఆనించి, ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, తను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకునేది. ఆ గంటసేపు ఆమె ప్రాణం తెరిపిన పడేది.

చెట్టు పడిన వారానికి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంట్ ధర్మారావు ఒక ఫోటో పెట్టాడు. గుబురుగా, నున్నగా, పెళ్లికి తయారైనట్టున్న పొగడ చెట్టు. 'ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఆకు రాలదు, మురుగు మోరీ జామ్ కాదు, ఆదివారం మీటింగులో ఖాయం చేద్దాం' అని కింద రాశాడు. చేతులెత్తి దండం పెట్టే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ప్రభావతి దాన్ని రెండుసార్లు చదివింది. ఏడాదంతా పచ్చగా అంటే ఏడాదంతా నీడే. అంటే ఆయన ఇక ఎండ మొహం చూడకుండా ఆ చీకటి గదిలో పడి ఉండాలన్నమాట!

ఆమె రొప్పుతూ మూడో అంతస్తుకు ఎక్కింది. అక్కడ కిరాయికుండే అనుదీప్ అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలకు పర్యావరణం చెప్తాడు. తలుపు తీసినవాడు ఆమె వాలకం చూసి హడలిపోయాడు.

"ఏమైందమ్మా? సార్‌కు మంచిగనే ఉన్నదా?"

"సార్ సంగతి తర్వాత. పొగడ మంచిదా, బాదం మంచిదా? జర సక్కగ చెప్పు."

సంగతి చెట్లదని తెలిసి అనుదీప్ ఊపిరి పీల్చుకున్నాడు. "పొగడ సతతహరితమమ్మా. ఎప్పటికీ నీడ ఉంటది, దుమ్మును ఆపుతది. బాదం ఆకురాల్చేది. ఎండకాలం నీడిస్తది, చలికాలం ఎండ ఇడుస్తది. ఎవరికేం కావాల్నో దాన్నిబట్టి పెట్టుకోవాలె. ఇంకో ముచ్చట, పొగడ కూడ ఆకు రాలుస్తది. కాకపోతే ఒక్కసారే కాదు, ఏడాది పొడుగూత కొంచెం కొంచెం."

"ఆకు రాలదని రాసిండు గద ఆ ధర్మారావు!" అని, దొరికాడు దొంగ అన్నట్టు చకచకా మెట్లు దిగింది.

ఆదివారం దాకా ప్రభావతి కాలు నిలవలేదు. ప్రతి ఫ్లాటు తలుపూ తట్టింది. ఎండ తగిలితే మా ఆయన మొహం ఎలా వెలుగుతుందో ఇంటింటికీ చెప్పింది. ఓటే లేని నారాయణగూడ మందుల షాపు అతనికి కూడా చెప్పింది.

కార్తీకం వచ్చేసింది, పొద్దున్నే చలి గిలిగింతలు పెడుతోంది. మీటింగు కింద పార్కింగులో. ప్రభావతి భర్తకు ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, చక్రాల కుర్చీలో బయటికి తీసుకొచ్చింది. చెట్టు పోయిన ఖాళీలోంచి ఎండ ధారగా పడుతున్న చోటు చూసి మరీ కుర్చీ ఆపింది. ఆయన్ని చూస్తే నాలుగు ఓట్లు ఎక్కువ పడతాయన్న ఆశ కూడా ఉంది, దాపరికం ఎందుకు.

ధర్మారావు గొంతు సవరించుకున్నాడు. "బాదమాకు ఒక్కొక్కటి ఇస్తరాకంత ఉంటదమ్మా. మోరీలల్ల, కార్ల మీద, ఏడ చూసినా అదే. ఊడ్వలేక సచ్చినం. అయినా చెట్టు పెద్దగయ్యేసరికి అయిదారేండ్లు పడ్తది. అప్పటికి జగన్మోహన్ గారు లేచి నడుస్తడు తియ్యి."

"నీ నోట్లో చక్కెర వొయ్య. నడవకుంటే?" అంది ప్రభావతి. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగింది. "మీకందరికి బాల్కనీలున్నయి, మిద్దె ఉన్నది. మాకు ఉన్నది ఒక్క కిటికీ. చలికాలం పొద్దుగాల ఎండ మొఖం మీద పడంగనే ఆయనకెంత ఖుషీ అనుకున్నరు! కండ్లెంబడి నీళ్లు కారుతయి. ఏం చూసి ఖుషీ అయితడు ఇంక ఆయన? గదొక్కటి కూడ గుంజుకుంటరా?"

పై ఫ్లాటు ఆవిడ ఒకరు చెంగుతో కళ్లొత్తుకుంది. ధర్మారావు మెత్తబడ్డాడు గానీ, పద్ధతి పద్ధతే అని చేతులెత్తమన్నాడు. లెక్క చూస్తే బాదానికెన్నో పొగడకూ అన్నే. కింది ఫ్లాటు ఓటు ఒక్కటే మిగిలింది. ప్రభావతి చెయ్యి పైకి లేపబోయింది.

"ఫ్లాటు జగన్మోహన్ గారి పేరు మీదున్నది గదమ్మా. మనిషి ఈడనే ఉన్నడు. ఆయన్నే అడుగుదాం" అన్నాడు ధర్మారావు.

"అడుగుండ్రి. అడిగేటందుకేమున్నది!" అని నవ్వింది ఆమె.

"జగన్మోహన్ గారూ, బాదం పెడ్దామంటే చెయ్యి లేపుండ్రి."

చెయ్యి లేవలేదు. "జర టైం వడ్తది" అంది ప్రభావతి. అందరూ ఓపిగ్గా చూశారు. కుర్చీ మీది ఎడమ చెయ్యి కదలనే లేదు.

"మరి... పొగడనా?"

ఎడమ చెయ్యి లేచింది. వణుకుతూ, మోచెయ్యి దాటి, భుజం దాటి పైకి వెళ్లి నిలిచింది.

ప్రభావతి ఆ చేతిని గబుక్కున పట్టుకుని కిందికి దించింది. "ఆయనకు సమజ్ కాలేదు. మల్లడుగుండ్రి" అంది కంగారుగా. ఎవరూ మళ్లీ అడగకముందే జగన్మోహన్ ఆమె పట్టు విడిపించుకుని చెయ్యి మళ్లీ లేపాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆమె వంగింది.

"ఎండ... కండ్లల్ల... కొడ్తది... ప్రభా."

"ఏందీ?"

"మంట... బాగ మంట."

ఆయన కుడికన్ను సరిగా మూతపడదని ఆమెకు తెలుసు. రోజూ రాత్రి ఆ కంట్లో చుక్కలు వేసేది తనే. వెల్లకిలా పడుకోబెడితే తల పక్కకు తిప్పుకోలేడనీ తెలుసు, తిప్పేది తనే. ఎడమ చెయ్యి కంటికి అడ్డంగా లేస్తే, చలేస్తోందనుకుని దాన్ని దుప్పట్లోకి సర్దేదీ తనే. కిటికీకి కర్టెన్ కూడా ఉంది. మూడు చలికాలాలు దాన్ని రోజూ తన చేత్తోనే పక్కకు లాగింది. లాగి, ఆ మూతపడని కంట్లోంచి నీళ్లు కారుతుంటే, పక్కన కూర్చుని చూసి మురిసిపోయింది!

"మరి చెప్పొద్దా? ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?" అంది ప్రభావతి.

"మొదలు... మాట రాకపాయె." ఆయన తర్వాతి మాట కూడదీసుకున్నాడు. "వచ్చినంక... నువ్వు... అందరికి... ఖుషీ అని... చెప్పుకుంటివి."

ప్రభావతి తలెత్తి చుట్టూ చూసింది. తను తలుపు తట్టిన ఇళ్లవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఇందాక కళ్లొత్తుకున్న ఆవిడ నేల చూస్తోంది. ఎవరి మొహం ఎవరూ చూడటం లేదు. మళ్లీ భర్త వంక చూసింది. కుర్చీని తను వెతికి వెతికి ఎండలోనే ఆపింది. మీటింగు మొదలైనప్పటి నుంచీ ఆయన కుడికంట్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఇస్త్రీ చొక్కా కాలరు తడిసిపోయింది.

ఆమె ఒక్క అడుగు ముందుకు వేసి, ఎండకూ ఆయనకూ మధ్య నిలబడింది. ఆయన మొహం మీద నీడ పడింది. బిగుసుకుని ఉన్న నుదురు మెల్లగా వదులైంది. అంత హాయిగా ఆ మొహం ఆమె మూడేళ్లలో చూడలేదు.

"అయితే... పొగడేనా అమ్మా?" అన్నాడు ధర్మారావు, అడగలేక అడుగుతూ.

ఆమె తలూపింది. కుర్చీని నీడలోకి జరుపుతానని అనుదీప్ రెండుసార్లు అన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. కొంగు రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని ఆమె అలాగే నిలబడి ఉంది.