ఒక పూట కొర్రీ

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, సచివాలయంలో దాన్ని వాడినవాళ్ళు తక్కువ. అటెండరు నుంచి మంత్రిగారి పేషీ దాకా అందరికీ ఆయన కొర్రీల దొర. కొర్రీ అంటే తెలుసుగా? హాయిగా నడిచిపోతున్న ఫైలుకు కాలు అడ్డం పెట్టి, "ఇదెందుకు? అదేమిటి? ఫలానా కాగితం ఎక్కడ?" అని అంచు మీద గీకి వెనక్కి తిప్పికొట్టే ప్రశ్న. మామూలు ఆఫీసర్లు ఫైలుకు ఒకటో రెండో వేస్తారు. దొర ఏడుకు తక్కువ వేశాడంటే ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగాలేదన్నమాట. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఎవరి దగ్గరా టీ నీళ్ళు తాగి ఎరగడు, కాగితం మీద అబద్ధం రాసి ఎరగడు, ఒక్క ఫైలునైనా మొదటిసారికే వదిలి ఎరగడు. చివరికి ముఖ్య కార్యదర్శి కుర్చీ దాకా ఎక్కి, పది నెలలు అందులో కూర్చుని, వీడ్కోలు సభలో నాలుగు మంచి మాటలు అనిపించుకుని ఇంటికొచ్చాడు. అన్నవాళ్ళందరూ మనసులో అమ్మయ్య అనుకునే ఉంటారు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చిన మూడో నెలలో ఆయన పెన్షన్ ఫైలుకే కొర్రీ పడింది.

ఉదయం టపాలో వచ్చిందా కవరు. దొర దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని కత్తెరతో అంచు కత్తిరించాడు. భోజనాల బల్ల అని పేరే గానీ, రిటైరైన మర్నాడే అందులో సగం ఆఫీసైపోయింది. గుండుసూదుల డబ్బా, ట్యాగుల కట్ట, ఎర్ర సిరా పెన్ను, ఆకుపచ్చ సిరా పెన్ను, నడుమ బతుకుజీవుడా అంటూ ఉప్పు సీసా.

ఉత్తరం చూస్తే పొట్టిగానే ఉంది. "చివరి పదవిలో మీరు చేరిన రోజున, చేరిక నివేదికలో 'అపరాహ్నం' అని రాసి ఉన్నది. నిబంధన ప్రకారం ఆ రోజు లెక్కకు రాదు. కావున ఆ పదవిలో మీ సర్వీసు పది నెలలకు ఒక రోజు తక్కువ. సదరు పూర్వాహ్నం మీరు ఎక్కడ, ఏ పని మీద ఉన్నారో తెలుపగోరుతాము."

దొర రెండుసార్లు చదివాడు. ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే, చెప్పొద్దూ, కొర్రీ ఎంత ముచ్చటగా వేశార్రా అని కూడా అనిపించింది.

సంగతేమిటంటే, పై కుర్చీలో పది నెలలు నిండుగా కూర్చున్నవాళ్ళకు ఆ కుర్చీ జీతం మీద పెన్షన్ కడతారు. ఒక్క రోజు తగ్గినా కింది కుర్చీ జీతమే దిక్కు. మధ్యాహ్నం పన్నెండు దాటాక చేరితే ఆ రోజు చేరనట్టే లెక్క. ఈ నిబంధన రాసిన మహానుభావుడెవరు? ఇంకెవరు, మన దొరే! ఎనిమిదేళ్ళ క్రితం ఆయనే కూర్చుని రాశాడు. పెద్దపెద్దవాళ్ళు రిటైరయ్యే ముందు పలుకుబడితో పై కుర్చీలోకి దూకి, నాలుగు రోజులు ఫ్యాను గాలి పోసుకుని, జన్మంతా పై పెన్షన్ తింటున్నారని ఆయనకు కడుపుమంట. ముసాయిదాలో కిందివాళ్ళెవరో ఒక చల్లటి వాక్యం పెట్టారు, సరైన కారణముంటే ఒక రోజు మన్నించవచ్చునని. దొర దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన రాశాడు: "ఇది వాక్యం కాదు, సందు. పూట అంటే పూటే."

ఎవరు తీసిన గోతిలో ఎవరు పడ్డారో చూశారా మరి.

పడితే పడ్డాడు, తిండికేం లోటని మీరనొచ్చు. నిజమే, కింది పెన్షనైనా ఇద్దరికీ బోలెడు. కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది తోడల్లుడు. ఆయనా పెద్ద ఆఫీసరే, ఇంకో శాఖలో పై కుర్చీ నుంచే దిగి పై పెన్షన్ తింటున్నాడు. దొర భార్య తన చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావగారికీ అంతే వస్తుందే, ఒక్క పైసా తగ్గదు" అని ఎప్పుడో చాటింపు వేసేసింది. రెండో చిక్కు దొర ఎవరికీ చెప్పుకోనిది. తన తర్వాత భార్యకు వచ్చేది తన పెన్షన్లో సగం. ఇది తగ్గితే అదీ తగ్గుతుంది. తను పోయాక కూడా తన నిబంధన ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. 

ఉత్తరం కింద సంతకం చూశాడు. పెన్షన్ల విభాగం సెక్షన్ ఆఫీసరు. పన్నెండేళ్ళు ఆయన దగ్గరే పనిచేసి, ఆయన దగ్గరే పెన్ను పట్టడం నేర్చుకున్న పిల్ల. సచివాలయంలో ఆమెను చిన్న కొర్రీ అంటారు. దొర ఫోన్ తీశాడు.

"ఏమ్మా, తిరిగి తిరిగి నాకేనా?"

"మీరే కదా సార్ నేర్పింది, ముఖం చూసి ఫైలు విప్పకూడదని."

"నేర్పాను, కాదన్నానా? అయినా గడువు రాయలేదేం? ఎన్నాళ్ళలో జవాబివ్వాలో ఉండొద్దూ?"

"మీరైతే పదిహేను రోజులు పెట్టేవారు. నేను దయతలచాను సార్."

దొరకు నవ్వొచ్చింది గానీ పైకి దగ్గాడు. అవతల చిన్న కొర్రీ గొంతు తగ్గించింది. "సార్, ఒక్క ముక్క రాయండి చాలు. ఆ ఉదయం పాత ఆఫీసులో ఫైళ్ళు అప్పగిస్తూ ఉన్నానని. అప్పగింతా డ్యూటీయే కాబట్టి రోజు లెక్కకొచ్చేస్తుంది. నిజమా కాదా అని పాత ఆఫీసును అడగాల్సింది ఎవరు? నేను. నేను అడగను."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. దొర ఫోన్ పెట్టేశాడు.

పెట్టేసి, తెల్ల కాగితం తీసి, ఆ ఒక్క ముక్కా రాశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాక్యం బ్రహ్మాండంగా కుదిరింది. ముప్పై ఆరేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది? సంతకం పెట్టబోయి ఆగాడు. ఇంకో కాగితం తీసి వేరే జవాబు రాశాడు. దానికీ సంతకం పెట్టలేదు. మింగలేక కక్కలేక రెండు కాగితాల మధ్య కూర్చున్నాడు.

"ఏవండీ, ఏమిటా కాగితాలు? పెన్షన్ వచ్చిందా?"

భార్య చేతిలో కాఫీ గ్లాసులతో వచ్చింది. దొర గబుక్కున ఉత్తరాన్ని ఉప్పు సీసా కిందకు తోశాడు. ఏం లాభం? కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ చూపు కత్తి. మందుబిళ్ళల అట్ట వెనక చీమతలకాయంత అక్షరాలు కూడా చదివేసి, "ఇది ఇంకో నెలే ఉందండీ" అని చెబుతోంది. ఉప్పు సీసా ఒక లెక్కా? ఉత్తరం లాగి నిలబడే చదివింది. తర్వాత మొదటి జవాబు చదివింది.

"ఇంత మంచి జవాబు రాసి ఇంకా చూస్తున్నారేం? సంతకం పెట్టి పారేయండి. ఒక రోజట, తక్కువట! ఎవడండీ ఈ దిక్కుమాలిన రూలు రాసింది?"

"నేనే."

"మీరా!" ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎందుకు రాశారండీ ఇలాంటివి? చేతులు ఊరుకోవా?"

దొర చెప్పాడు. కడుపుమంటా, ఎర్ర సిరా, పూట అంటే పూటే, అన్నీ దాచకుండా చెప్పాడు. ఆవిడ వింటూ మళ్ళీ ఉత్తరం చేతిలోకి తీసుకుంది. ఉన్నట్టుండి వేలు ఒకచోట ఆగింది.

"ఈ తారీఖు... నా కంటికట్టు విప్పిన రోజు కదూ?"

దొర కాఫీ గ్లాసులోకి చూశాడు.

"ఆ రోజు మీకు సెలవన్నారు!"

"అన్నాను."

"అబద్ధమా? జన్మలో అబద్ధం రాయలేదని ఊరంతా చెప్పుకుంటారు మీ గురించి!"

"రాయలేదు. అన్నానంతే."

ఆ రోజు సంగతి ఆవిడ మరిచిపోయేది కాదు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో ఆయన ఆవిడతో ఆస్పత్రికి వచ్చింది ఆ ఒక్క పూటే. అదీ ఎలా వచ్చాడు? ఒక కంటికి కట్టుతో, రెండో కంటికి అంతా మసకతో ఆవిడ బల్ల మీద కూర్చుంటే, పక్కన ఆయన చెయ్యి రెండు నిమిషాలకోసారి పైకి లేవడం, దిగడం. వాచీ చూసుకోవడమని తెలుస్తూనే ఉంది. తొమ్మిదిన్నరకు వస్తానన్న డాక్టరు ఏదో అత్యవసరం ఆపరేషన్లో ఇరుక్కుని పన్నెండుంబావుకు గానీ రాలేదు. "ఒక పూట నాతో కూర్చోవడానికే ప్రాణం పోయినట్టు గడియారం చూసుకున్నారు" అని ఆవిడ ఆ తర్వాత చెల్లెలితో చెప్పింది, పక్కింటావిడతో చెప్పింది, ఆయనతోనైతే వారానికోసారి చెప్పింది. ఆయన ఏనాడూ జవాబివ్వలేదు.

"చేరే రోజని ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే నువ్వు వెళ్ళమంటావుగా."

"అనేదాన్నే మరి! ఆటోలో నేను రాలేనా?"

"అందుకే చెప్పలేదు. తొమ్మిదిన్నరకు కట్టు విప్పేస్తే పదకొండుకల్లా కుర్చీలో ఉండొచ్చని లెక్కేశాను. ఆ డాక్టరు రాకపోతే నేనేం చెయ్యను? పదకొండున్నరకు లేచాను కూడా. ఎక్కడికండీ అని నువ్వు చెయ్యి చాపావు, గోడవైపుకు. నేను అటు లేను. మళ్ళీ కూర్చున్నాను."

ఆవిడకు ఏదో గుర్తొచ్చి ఆయన ఎడమచేతి మణికట్టు వంక చూసింది.

"కట్టు విప్పగానే నాకు మొదట కనబడింది మీ చెయ్యే. వాచీ లేదు. అది ఉండే చోట తెల్లటి మచ్చ. ఎక్కడ పారేశారని అక్కడే చీవాట్లు పెట్టాను కూడా. జేబులో ఉందన్నారు. జేబులో ఎందుకు పెట్టారండీ?"

"పన్నెండు దాటింది. ఇంక చూసి ఏం లాభం?" అన్నాడు దొర. "తీసేసి కూర్చున్నాను."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆపరేషన్ అయిన కన్ను రుద్దకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి రెండో కన్ను మాత్రం గట్టిగా రుద్దుకుంది. ఆ తర్వాత పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడా మొదటి కాగితం మీద సంతకం పెట్టండి. చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు. నాకోసమే పెట్టండి."

"అది సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా? ఆ పూట నేను ఆఫీసులో ఉన్నట్టవుతుంది."

"అవ్వనివ్వండి!"

"అంటే నీ దగ్గర లేనట్టేగా," అన్నాడు దొర. "నా సర్వీసు పుస్తకంలో నీతో ఉన్నట్టు రుజువున్నది ఆ ఒక్క పూటే. దాన్నీ కొట్టేయమంటావా?"

ఆవిడకు నోట మాట రాలేదు. ఆవిడకు మాట రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి కాబట్టి దొర కాస్త కంగారుపడ్డాడు. "తగ్గేది నీకు కూడానే. నా తర్వాత నీకొచ్చే సగంలోనూ తగ్గుతుంది. ఆ మాట ముందే చెబుతున్నాను, ఆలోచించుకో" అని గబగబా అన్నాడు.

ఆవిడ ఆలోచించలేదు. రెండో కాగితం తీసుకుని బయటికి చదివింది. "సదరు పూర్వాహ్నం నేను ఆస్పత్రిలో నా భార్య పక్కన ఉన్నాను. అది డ్యూటీ అని చెప్పడానికి నిబంధన ఏదీ లేదు. నేనే రాయలేదు." చదివి, మొదటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కాఫీ గ్లాసు కింద వేసింది. గ్లాసు అడుగున ఉన్న తడికి ఆకుపచ్చ సిరా అలుక్కుపోయింది.

దొర సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ కింద తారీఖు వేసి, పక్కన 'పూర్వాహ్నం' అని కూడా రాశాడు.

నాలుగు రోజుల తర్వాత చిన్న కొర్రీ ఫోన్ చేసింది. కింది పెన్షనే ఖాయమైందని చెప్పింది.  "మీ ఫైలు ఒక్క కొర్రీతోనే వెళ్ళిపోయింది సార్. నా సర్వీసులో ఇదే మొదటిసారి" అంది. "ఇంకో రెండు వేసి ఉండాల్సింది, ఆస్పత్రి చీటీ అడగలేదు నువ్వు" అని దొర ఆమెను మందలించాడు.

ఈ కబురు తెలిసీ తెలియగానే దొర భార్య ఫోన్ పట్టుకుని చెల్లెల్ని పిలిచింది. దొర పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ చెవులు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఈవిడ తల ఎక్కడ పెట్టుకుంటుందోనని ఆయన భయం.

"ఏమే, విన్నావా? మీ బావగారికి పై పెన్షన్ పోయింది!"

అవతల చెల్లెలు అయ్యో అక్కా అని మొదలుపెట్టినట్టుంది.

"అయ్యో ఏమిటే? ఎందుకు పోయిందో అడుగు ముందు. నాకు కట్టు విప్పిన రోజు కుర్చీ వదిలేసి నా పక్కన కూర్చున్నారే. అవునే, ముఖ్య కార్యదర్శి కుర్చీ! మీ ఆయనకు వచ్చింది, సరే, ఎంత వచ్చింది? పెన్షన్ ఒక్కటేగా! మా ఆయన నాకోసం ఒక పూట పూటంతా..."

దొరకు ప్రాణం ఆగలేదు. పేపరు దించాడు. "పూటంతా కాదు. పన్నెండుకు చేరాల్సింది ఒంటిగంటా పదికి చేరాను. ఆలస్యం గంటా పది నిమిషాలే. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆవిడ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఆయన వైపు తిరిగింది.

"మీరుండండీ," అంది. "పూట అంటే పూటే."